మీసం జెర లావు చెయ్యన్నా

పోయిన ఎండాకాలం నా చేతుల్లో ఒక తప్పు జరిగింది. నలుగురు దోస్తులు కలిసి మా స్టూడియోకు వచ్చారు. ఏదో పరీక్షకు దరఖాస్తు పెడుతున్నారట, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు కావాలన్నారు. ఒకరి తర్వాత ఒకరు స్టూలు మీద కూర్చున్నారు. తీశాను, తలా ఎనిమిది ప్రింట్లు కొట్టి కవర్లలో పెట్టి ఇచ్చాను. గంట తర్వాత ఒకడు తిరిగొచ్చాడు. "అన్నా, ఇది నేను గాదే" అన్నాడు. కవరు తీసి చూస్తే నిజమే, వాడు కాదు. వాడి ఫొటోలు ఇంకొకడి జేబులో బస్సెక్కి మిర్యాలగూడ పోయాయి.

ఆ పిల్లగాడు మంచివాడు, నవ్వేశాడు. మళ్లీ ప్రింట్లు కొడుతూ నలుగురి ఫొటోలూ కంప్యూటర్ మీద పక్కపక్కన పెట్టుకుని చూశాను. చెవుల మీద జుట్టు నున్నగా దిగి, అక్కడి నుంచి చెంప మీద స్కేలు పెట్టి కొట్టినట్టు ఒక గీత, గీత కింద నల్లటి గడ్డం, గదవ కింద చదరంగా కోత. నలుగురికీ అదే. ముక్కులు వేరు, కళ్లు వేరు, నుదుళ్లు వేరు. కానీ నా కన్ను ముక్కు దాకా పోనే లేదు, గడ్డం దగ్గరే ఆగిపోయింది.

నల్లగొండ గడియారం సెంటరుకు కూతవేటు దూరంలో నా స్టూడియో. కెమెరా పట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఎదుటి మనిషి మొహాన్ని అంత దగ్గర నుంచి, అంతసేపు, మొహమాటం లేకుండా చూసే వీలు ఊళ్లో ఇద్దరికే ఉంటుంది. ఒకరు మంగలి, ఇంకొకరు ఫొటోగ్రాఫర్. అందుకే ఈ గడ్డాల ముచ్చటలో నాకూ ఒక మాట ఉంది. ముందే చెప్పేస్తున్నా, నాకు మీసం ఉంది, గడ్డం లేదు. కాబట్టి నా తీర్పు కొంచెం ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరగనీయండి.

నా మాట ఏమిటంటే, గడ్డం పెంచడంలో తప్పేమీ లేదు. అచ్చు పోసిన ఇటుకల్లాగా అందరూ ఒకటే గడ్డం పెంచడం మీదే నా గొడవంతా. ఆ అచ్చులో పడి మొదట పోయింది మీసం. గడ్డంలో కలిసిపోయి, తనకంటూ ఒక పేరు లేకుండా అయిపోయింది. మన మొహాలకు అన్నిటికన్నా బాగా నప్పేది అదే.

ముందు గడ్డం సంగతే తేల్చుకుందాం. గడ్డం అందమంతా చెంప మీద ఉందనుకుంటారు పిల్లగాళ్లు. అది గొంతు కాడ ఉంటుంది. మింగినప్పుడు పైకీ కిందికీ ఆడే గొంతుముడి ఉంది కదా, దాని పైన రెండు వేళ్లు అడ్డంగా పెట్టండి. పై వేలు ఎక్కడుందో అక్కడ గడ్డం ఆగాలి. అక్కడి నుంచి రెండు చెవుల వెనక్కీ ఉయ్యాల తాడు లాగా వంపు తిరిగి పోవాలి. అంతే, ఇంకేం విద్య లేదు. మనవాళ్లు ఏం చేస్తున్నారు? దవడ అంచు మీదే కత్తి పెట్టిస్తున్నారు. నిలబడి అద్దంలో సూటిగా చూసుకుంటే దవడ చెక్కినట్టు కనబడుతుంది, నిజమే. కానీ మనిషి బతుకంతా నిలబడి అద్దంలో చూసుకోడు కదా. కూర్చుంటాడు, ఫోన్ చూస్తాడు, తల దించుతాడు. అప్పుడు ఆ గీత కింద నుంచి తెల్లటి మెడ కండ బయటికొచ్చి రెండో గదవ తయారవుతుంది. డబ్బా ఒక రంగు, మూత ఒక రంగు అన్నట్టుంటుంది మొహం. పెళ్లి ఆల్బమ్‌లో తలంబ్రాల ఫొటోలు చూస్తే తెలుస్తుంది, పెళ్లికొడుకు తల వంచిన ప్రతి ఫొటోలో అదే బాధ. దీనికి ఉల్టా ఇంకొందరు, మెడ మీద అసలు కత్తే పెట్టించరు. గడ్డం కాలర్ లోపలికి పాకిపోయి మనిషికి మెడే లేదనిపిస్తుంది.

చెంప మీద గీత గురించి కూడా ఒక లెక్క చెప్తాను. గడ్డం వెంట్రుక రోజుకు దాదాపు మిల్లీమీటరులో మూడో వంతు పెరుగుతుంది. అంటే పొద్దున స్కేలు గీతలాగా ఉన్నది మర్నాటి సాయంత్రానికి చెదిరిపోతుంది. మూడో రోజుకు గీత పైన బూడిద రాసినట్టు మరకలు. ఆ గీత నిలవాలంటే రోజు విడిచి రోజు కత్తి పడాలి. అంత ఓపికా, అంత డబ్బూ ఎవరికుంది? శనివారం గీయించుకుని బుధవారం నా దగ్గరికి వస్తారు. ఫ్లాష్ లైటుకు మొహమాటం లేదు, ఆ మరకలన్నీ బయటపెడుతుంది. "అన్నా, జెర సాఫ్ జెయ్యి" అంటారు. చేస్తాను, అది నా పని. కానీ చెంప మీద వెంట్రుక పుట్టుకతోనే ఒక అంచు తెచ్చుకుంటుంది. ఒకడికి వంకర, ఒకడికి పల్లం, ఒకడికి కుడి వైపు ఒక వేలు ఎక్కువ. దారి తప్పి కంటి కిందికి పోయిన నాలుగు వెంట్రుకలు తీసేసి ఆ అంచును అట్లనే వదిలేస్తే నెల రోజులైనా మొహం శుభ్రంగా ఉంటుంది. పైగా అది ఆ మనిషి మొహం లాగా ఉంటుంది.

ఇదంతా నేను కనిపెట్టిన తెలివి కాదు. నాకు క్షవరం చేసే అన్న దగ్గర నేర్చుకున్నదే. వాళ్ల నాయన పొది చంకన పెట్టుకుని ఊళ్లు తిరిగేవాడు. పొదిలో రెండు కత్తులు, సాన రాయి, తోలు పట్టీ, చిన్న అద్దం, పటిక ముక్క. వేపచెట్టు కింద గొంతుక్కూర్చోబెట్టి చేసేవాడు, ఏడాదికోసారి కల్లం కాడ వడ్లు కొలిపించుకునేవాడు. కొడుకు ఇప్పుడు రెండు తిరుగుడు కుర్చీలు, ఏసీ పెట్టుకున్నాడు. 2021 ఏప్రిల్ నుంచి సెలూన్లకు నెలకు 250 యూనిట్ల దాకా కరెంటు ఉచితం అయ్యాక ఆ ఏసీకి ధైర్యం వచ్చిందంటాడు. మంగళవారం మాత్రం తాళమే. అద్దం ముందు కూర్చున్న ప్రతి పిల్లగాడూ ఫోన్ తీసి ఒక క్రికెటర్ ఫొటోనో, హీరో ఫొటోనో చూపిస్తాడు. ఈయన చూస్తాడు, ఫోన్ తిరిగి ఇచ్చేస్తాడు. "గడ్డం నేను పెడ్త తమ్మీ, ఆ దవడ నువ్వు తెచ్చుకోవాలె" అంటాడు. వాళ్లు నవ్వుతారు గాని, ఒక్కడూ వినడు. చివరికి అదే గీత.

ఆయన కస్టమర్‌ను పక్క నుంచి చూస్తాడు. కుర్చీని సగం తిప్పి, చెవి నుంచి గదవ దాకా కాసేపు చూసి అప్పుడు దువ్వెన పడతాడు. గదవ లోపలికి ఉన్నవాడికి కింద రెండు వేళ్ల గడ్డం ఉంచి చెంపలు పలచన చేస్తాడు. గుండ్రటి మొహానికి పక్కల బరువు తీసేస్తాడు. సన్నటి పొడుగు మొహానికి కింద పొడుగు పెంచితే మేక గడ్డమే, అక్కడ చెంపలే నిండుగా ఉంచాలి. ఇదంతా ఆయన నోటితో చెప్పడు, చేతితో చేస్తాడు. నేను స్టూడియోలో లైటు పెట్టేటప్పుడు చేసేదీ అదే, నీడ ఎక్కడ వేయాలా అని చూస్తాను. గడ్డం అంటే చెరగని నీడే కదా.

ఇక ఫ్రెంచ్ గడ్డం. నోటి చుట్టూ ద్వారబంధం కట్టినట్టుంటుంది. మనిషి మాట్లాడితే తలుపు తీసి వేసినట్టే అనిపిస్తుంది నాకు. ఇంతకన్నా దాని మీద సమయం పెట్టను.

పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లల బాధ వేరు. ఒక చెంప మీద గుబురు, ఇంకో చెంప మీద ఎండిన చెరువు. మొన్న ఒకడు చెంపలు ఎర్రగా, పొట్టు లేచి వచ్చాడు. అడిగితే మినాక్సిడిల్ రాస్తున్నానన్నాడు. ఆ మందు మొదట్లో బీపీకి మాత్రగా వచ్చింది. దాన్ని వాడిన వాళ్లకు ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి తర్వాత తల మీద రాసుకునే మందుగా మార్చారు. అనుమతి ఉన్నది తలకే. గడ్డానికి రాస్తే కొందరికి వెంట్రుక వస్తుంది, ఆ మాట అబద్ధం కాదు. దురద, మంట, పొట్టు కూడా వస్తాయి. ఇంట్లో పిల్లి ఉంటే ఇంకో ప్రమాదం, ఆ మందు పిల్లులకు విషం, రాసుకున్న చోట నాకినా చాలు. ఇంతా చేసి ఆ పిల్లగాడికి కావలసింది ఏమిటి? ఓపిక. గడ్డం వెంట్రుక రక్తంలోని హార్మోన్‌కు ఎంత స్పందిస్తుందనేది ఎక్కువగా తాతతండ్రుల నుంచి వచ్చేది. పాతికేళ్లు దాటాక కూడా చెంపలు నిండే వాళ్లు ఎంతోమంది. వాళ్ల నాయనకు ఎట్లుందో చూడమన్నాను. "మా నాయనకు మీసమే" అన్నాడు. అదీ సంగతి. మీసం బాగా వచ్చే మొహాన్ని పట్టుకుని గడ్డం రాలేదని ఏడుస్తున్నాడు. పై పెదవి మీద వాడికి ఒత్తైన మీసం, అమావాస్య చీకటి లాగా ఉంది. చెంపలు గీయించుకుని అది ఒక్కటే ఉంచుకుంటే ఎంత బాగుండేవాడో! చెప్పాను. "అంకుల్ లెక్క ఉంటదన్నా" అన్నాడు.

అక్కడే నాకు కాలింది. మీసం అంకుల్‌ది ఎప్పటి నుంచి అయింది?

మా ఊరు దేవరకొండ దిక్కు. నేను హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో పని నేర్చుకునే రోజుల్లో, 2000 సంవత్సరంలో, తోటివాళ్లంతా నున్నగా ఉన్నారని నేనూ మీసం తీసేశాను. రెండు వారాల తర్వాత ఊరికి పోయాను. పొద్దుగూకే యాళ్ల. నాయన అరుగు మీద కూర్చుని మంచానికి నులక అల్లుతున్నాడు. నన్ను చూశాడు. చేతిలో నులక ఆగిపోయింది.

"ఎవరు సచ్చిన్రురా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "నేనింకా బతికే ఉన్న గదరా" అన్నాడు, లేచి లోపలికి పోయాడు. అమ్మ ఉరికొచ్చి నా మొహం మీద తువ్వాల కప్పింది, ఎదురింటి వాళ్లు చూడకుండా. తండ్రి పోతే పదో రోజు కొడుకుల తలతో పాటు మీసమూ తీస్తారు. మా దిక్కు బోడి పై పెదవి అంటే తండ్రి పోయిన కబురు. బతికున్న తండ్రి ముందుకు ఆ కబురు మోసుకుని పోయాను నేను. ఉన్న నాలుగు రోజులూ మూతికి తువ్వాల చుట్టుకుని తిరిగాను. అడిగిన వాళ్లందరికీ అమ్మ "పన్ను నొప్పి" అని చెప్పింది. మూడో రోజు మా మేనత్త లవంగాలు కూడా తెచ్చిచ్చింది.

2016లో నాయన పోయాడు. పదో రోజు చెరువు కట్ట మీద కూర్చుంటే పై పెదవి మీద కత్తి చల్లగా తగిలింది. ఆ రోజు నా మొహం మీద ఎవరూ తువ్వాల కప్పలేదు.

ఇప్పుడు ఆ పట్టింపు పలచబడింది. పలచబడటమే మంచిది, నా కొడుకు మీసం తీసేస్తే నేను అరుగు మీద నుంచి లేవను. కానీ ఒక సంగతి గమనించండి. మన దగ్గర మొహం మీది వెంట్రుక ఎప్పుడూ ఒక్క మనిషి సొత్తు కాదు. మీసం తండ్రిది. గడ్డం దేవుడిది. నా చిన్నప్పుడు గడ్డం పెంచితే "ఏమైందిరా, ప్రేమ ఫెయిలా?" అనేవాళ్లు, అయ్యప్ప మాల వేస్తే మాత్రం ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు. 41 రోజులు బడిలో సారూ ఊరుకునేవాడు, ఇంట్లో నాయనా ఊరుకునేవాడు. మా తరంలో ఎంతోమంది తమ గడ్డం ఎట్లుంటుందో మొదటిసారి చూసుకున్నది ఆ కార్తీక మార్గశిరాల్లోనే. మాల తీసిన మర్నాడు సెలూన్ల ముందు వరుస కట్టేవాళ్లు. నేను కెమెరా పట్టాక, కొందరు ఒక రోజు ముందు నా దగ్గరికి వచ్చి నల్ల బట్టల్లో, గడ్డంతో ఒక ఫొటో తీయించుకునేవాళ్లు, మళ్లీ ఏడాది దాకా ఆ మొహం కనబడదని. ఎవరికి వారు సొంతంగా పెరిగిన గడ్డాలు అవి. ఒక్కరిది ఇంకొకరిలా ఉండేది కాదు. నా ఆల్బమ్‌లో బాగున్న గడ్డాలు ఏవంటే నేను ముందు అవే చూపిస్తాను.

మీసానికి ఇంకో యజమాని కూడా ఉండేవాడు. మా తాత చెప్పేవాడు, దొర ఎదురొస్తే తలపాగా చంకలోకి, చెప్పులు చేతిలోకి, మీసం మీదున్న చెయ్యి కిందికి. మీసం దువ్వడం గడీలో, అంటే దొర కోటలో ఉన్నవాడి పని, గడీ ముందు నిలబడ్డవాడిది కాదు. దొరకు గడ్డం గీసే మంగలికి కూలి లేదు, అది వెట్టి. 1946 నుంచి 1951 దాకా ఈ జిల్లాలో సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో భూమి సంగతి, వెట్టి సంగతి పుస్తకాల్లోకి ఎక్కాయి. కిందికి దిగిన ఆ చెయ్యి సంగతి మాత్రం మా తాతల దగ్గరే ఉండిపోయింది. ఇది పాత ముచ్చట అనుకుంటే, 2017లో గుజరాత్‌లో గాంధీనగర్ దగ్గరి ఒక ఊళ్లో మీసం పెంచారని దళిత యువకుల మీద దాడి జరిగింది. దానికి జవాబుగా వందల మంది మీసం మెలేసిన ఫొటోలు వాట్సాప్‌లో పెట్టుకున్నారు. అందుకే "మీసం పాత ఫ్యాషన్" అని ఎవరన్నా తేలిగ్గా అంటే నాకు మింగుడు పడదు. దాన్ని పెంచుకునే హక్కు కోసం దెబ్బలు తిన్నవాళ్లు ఉన్నారు.

అట్లని మీసమే మగతనం అనే మాట కూడా నాకు పడదు. "మీసమున్న మొగోడివైతే రా" అని తొడలు కొట్టే రకం పోస్టర్లు చూస్తే నవ్వొస్తుంది. సగం మీసం తీసేస్తానని పందెం కాసినవాళ్లను బోలెడంత మందిని చూశాను, సగం మీసంతో ఫొటోకు వచ్చినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. ఒట్లలో గడ్డమే నయం, దానికి ఓపికన్నా కావాలి. మా ఉమ్మడి జిల్లా నాయకుడు ఉత్తమ్ కుమార్ రెడ్డి తమ కాంగ్రెస్ పార్టీ రాష్ట్రంలో అధికారంలోకి వచ్చేదాకా గడ్డం తీయనన్నది అందరికీ గుర్తే. ఆ అధికారం వచ్చేసరికి 2023 డిసెంబరు అయింది.

ఏది బాగుంటుందో కాలం చెబుతుంది అంటారు, కాలం మాట కూడా నేను నమ్మను. పాలమూరుకు 1890లో ఎవరి పేరు పెట్టి మహబూబ్‌నగర్ అన్నారో ఆ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఫొటోలు చూడండి. చెంపల మీద గుబురుగా దిగిన వెంట్రుకలు, పెద్ద మీసం. ఆ రోజుల్లో అంతకన్నా దర్జా లేదు. ఇవాళ ఆ అచ్చుతో ఒకడు మహబూబ్‌నగర్ బస్టాండులో దిగితే పిల్లలు వెంటబడతారు. బ్రిటిష్ సైన్యంలో 1916 దాకా పై పెదవి గీయకూడదని నిబంధనే ఉండేది, తర్వాత ఎత్తేశారు. మన దగ్గర 2019లో వింగ్ కమాండర్ అభినందన్ పాకిస్తాన్ చెర నుంచి తిరిగొచ్చాక రెండు నెలల పాటు నా స్టూడియోలో అందరికీ చెంపల మీదికి ఎక్కిన మీసాలే. దసరా నాటికి ఒక్కటి మిగల్లేదు. ఆయనకు నప్పింది, ఎందుకంటే అది ఆయన సొంతం.

ఈ విషయం మీద శాస్త్రవేత్తలు కూడా తల బద్దలు కొట్టుకున్నారు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో 351 మంది ఆడవాళ్లకు, 177 మంది మగవాళ్లకు ఫొటోలు చూపించి మార్కులు వేయించారు. ఒకే మనిషిని నున్నగా, ఐదు రోజుల గడ్డంతో, పది రోజుల గడ్డంతో, నిండు గడ్డంతో. ఆడవాళ్లు పది రోజుల గడ్డానికి ఓటు వేశారు. దాన్ని చూపించి మురిసిపోయేవాళ్లు మరుసటి ఏడాది వచ్చిన ఇంకో పరిశోధన చూడరు. అందులో అందరికీ గడ్డాలున్న ఫొటోల గుంపు చూపిస్తే నున్నటి మొహం బాగుందన్నారు, అందరూ నున్నగా ఉన్న గుంపు చూపిస్తే గడ్డం బాగుందన్నారు. అరుదుగా ఉన్నదే అందం. నా స్టూడియో గోడకు ఆ మాట అతికినట్టు సరిపోతుంది. ఇప్పుడు వందలో ఎవడన్నా ఒకడు ఒట్టి మీసంతో వస్తే నా కన్ను ఠక్కున ఆగుతుంది, వాడి ముక్కూ, పెదవులూ, గదవా అన్నీ కనబడతాయి. మీసం చేసే పని అదే. గడ్డం మొహాన్ని కప్పుతుంది, మీసం మొహానికి గుర్తు పెడుతుంది.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి, పానగల్ ఉదయ సముద్రం కట్ట మీద పెళ్లికి ముందు ఫొటోలు తీసేటప్పుడు ఒక పెళ్లికూతురు అన్నది మరిచిపోలేను. నలభై ఫొటోలు చూసి, "అన్నా, అన్నిట్ల నాకంటే ముందు ఈయన గడ్డమే వస్తున్నది" అంది. పెళ్లికొడుకు మర్నాడు సగానికి తగ్గించుకుని వచ్చాడు. మా ఇంట్లో అయితే, నా మీసం గుచ్చుకుంటుందన్న సంగతి పెళ్లైన పద్దెనిమిదేళ్లకు బయటపడింది. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదంటే, "తీసేస్తవని" అంది.

నా వయసు వాళ్లకు ఒక్క మాట. రంగు వద్దు. తెల్ల కనుబొమ్మల కింద బొగ్గు లాంటి మీసం కెమెరాలో ఎట్లుంటుందో నాకు తెలుసు, నల్ల టేపు ముక్క అంటించినట్టే. వెలుతురంతా మింగేస్తుంది, వెంట్రుక వెంట్రుకగా కనబడదు. నల్ల రంగుల్లో చాలావాటిలో ఉండే పీపీడీ అనే రసాయనం పడక మూతి వాచినవాళ్లు నాకే ఇద్దరు తెలుసు. ఉప్పూ మిరియాలూ కలిసినట్టున్న మీసం లైటు కింద ఎంత బాగుంటుందో ఒక్కసారి వచ్చి తీయించుకుని చూడండి. నూనెల సంగతి సరేసరి. మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగ నూనె అని మనవాళ్లు వెక్కిరింపుగా అన్నారు. ఇప్పుడు గడ్డానికని సీసాలు నిజంగానే అమ్ముతున్నారు, మా పక్క షాపులోనే ఉన్నాయి. ఇంట్లో కొబ్బరినూనె రెండు చుక్కలు చాలు. ఇంట్లోనే గీసుకునేవాళ్లు బోరు నీళ్లతో నురగ రాక తిప్పలు పడుతుంటారు. నల్లగొండ నీళ్లంటే ప్రతిదానికీ ఫ్లోరైడ్‌నే తిడతాం గాని, నురగను చంపేది కాల్షియం, మెగ్నీషియం. గడ్డానికి ఒక చెంబు నల్లా నీళ్లు పట్టి పెట్టుకోండి.

ఈ రాత మొదలుపెట్టింది వేరే కారణానికి. పోయిన నెల ఒక అబ్బాయి వచ్చాడు. తల గుండు, మూతి నున్నగా. తండ్రి పోయి పెద్దకర్మ అయి మూడు రోజులైందట. చేతిలో ఫ్రేము కట్టిన ఫొటో. హడావిడిలో ఎక్కడో ఆధార్ కార్డు ఫొటోను పెద్దది చేయించి పూలదండ వేశారు. బూజు పట్టినట్టుంది, మీసం ఉందో లేదో తెలియడం లేదు.

"అమ్మ ఇది చూసి ఈయనెవరు అంటున్నదన్నా. మీసం జెర లావు చెయ్యన్నా."

ఇట్లాంటివి నాకు కొత్త కాదు. మా గురువు గారి కాలంలో నెగెటివ్ మీద పెన్సిల్‌తో మీసం దిద్దేవాళ్లు. నేను కంప్యూటర్ మీద దిద్దుతాను. ఎంత లావు అని అడిగాను. అబ్బాయి చెప్పలేకపోయాడు. రోజూ చూసిన మీసం, కొలత తెలియదు. ఇంట్లో ఇంకేమన్నా ఫొటో ఉందా అంటే పెళ్లి ఫొటో చెదలు తిన్నదన్నాడు. వాళ్లమ్మకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆమె అంది, "రేకల కల్లు తాగితే మీసానికి నురగ అంటేది బిడ్డా. తుడుసుకొని తుడుసుకొని తాగేటోడు."

తాటాకు రేకలో తాగే కల్లు నురగ అంటాలంటే మీసం పై పెదవి అంచు దాటి కిందికి దిగాలన్నమాట. ఒక్కో వెంట్రుకా గీసుకుంటూ వచ్చాను. అబ్బాయి నా భుజం మీదుగా చూస్తూ నిలబడ్డాడు, వేలితో తన నున్నటి పై పెదవి రుద్దుకుంటున్నాడు. అరగంట పట్టింది. ఫొటోను వాట్సాప్‌లో వాళ్లమ్మకు పంపాం. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇంకో రెండు నిమిషాలకు వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఇంక జెర."